నా నవల ఆవిష్కరణ, ఇద్దరు బావలు

ఉదయం ఆరున్నరకు సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసి, చుట్టూ తిరిగి పైకెక్కాను. ఆ సీట్లో అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. నా తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నీదేనా సారూ? కింద పడతదని పట్టుకున్న" అని చేతికిచ్చింది.

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. నాకు టికెట్టుంది గానీ సీటు లేదు. అయినా ఆ రోజు ఎవరి మీదా కోపం తెచ్చుకోదలచుకోలేదు. తొమ్మిదేళ్ళు రాసిన నవల అచ్చయింది. కోదాడ ప్రెస్సులో పుస్తకాలు తీసుకుని, పదకొండింటికల్లా మిర్యాలగూడలో మా పెద్దబావ రైసుమిల్లుకు చేరాలి. ఆవిష్కరణ అక్కడే.

"దేనికి పోతున్నవ్?" అని అడిగింది ఆవిడ.

"నేను రాసిన పుస్తకం వచ్చిందమ్మా. నవల."

"పరీక్షల వస్తదా?"

"రాదు."

"మరెందుకు రాసినవ్?"

నేను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాను. ఆవిడ మునగాలలో దిగిపోయాక సీటు దొరికింది. సీటుతో పాటు నా అసలు భయమూ పక్కన వచ్చి కూర్చుంది.

నవలలో పాపయ్య అని ఒకడున్నాడు. ఏ శుభకార్యానికి పిలిచినా అలగడమే వాడి పని. శుభలేఖలో తన పేరు మూడోది వేశారని రెండేళ్ళు అత్తారింటి గడప తొక్కడు, పెళ్ళాన్నీ తొక్కనివ్వడు. నిజానికి ఇదంతా చేసింది మా పెద్దబావ. ఆ రెండేళ్ళూ మా పెద్దక్క రాఖీ కట్టడానికి కూడా మా ఇంటికి రాలేదు. చేతులు ఊరుకోక రాసేశాను. ఇప్పుడాయన గుర్తుపట్టాడంటే ఈసారి ఎన్నేళ్ళో!

కోదాడలో ఏడు యాభైకి దిగి, ఇడ్లీ తిని, ప్రెస్సుకు వెళ్ళాను. ఓనరు ముప్ఫై కాపీల కట్ట అందించాడు.

"మొన్న మీ బావగారు కూడా వచ్చారండీ. ఒక కాపీ పట్టుకెళ్ళారు. ఇక్కడే నిలబడి పది పేజీలు తిరగేశారు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదండీ. నవ్వనూ లేదు."

సభ పెడుతున్నది పెద్దబావ కాబట్టి వచ్చిందీ ఆయనే అనుకున్నాను. తొమ్మిదింటికి మిర్యాలగూడ బస్సెక్కి పెద్దక్కకు ఫోన్ చేశాను.

"బావ ఎట్లున్నడక్కా?"

"ఎట్లుంటడు? అంగీ ఇస్త్రీ చేయించుకున్నడు. పొద్దటి సంది అద్దం ముంగటనే ఉన్నడు."

హుజూర్‌నగర్‌లో బస్సు పావుగంట ఆగింది. టీ తాగాను గానీ రుచి తెలియలేదు. కాలువల కింద నాట్లు పడి దారి పొడుగునా పచ్చగా ఉంది. ఇంకోరోజైతే మెచ్చుకునేవాణ్ణి.

మిల్లు గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో చేతులు జోడించిన పెద్దబావ నిలువెత్తున ఉన్నాడు. నేను కింద మూలన ఉన్నాను. నా ఆధార్ కార్డులో ఫోటోయే కాస్త పెద్దది. పక్కన లారీ డ్రైవరెవరో "సేటు ఎలక్షన్ల నిలబడుతుండా?" అని అడుగుతున్నాడు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. అలిగినవాడు అంత ఫ్లెక్సీ కట్టించడు.

పదకొండున్నరకు సభ మొదలైంది. మొదటి శాలువా పెద్దబావకు కప్పించాను. పొరపాటు చేసే ధైర్యం లేదు. రెండోది చిలుకూరు నుంచి వచ్చిన చిన్నబావకు. ఆయన రెండెకరాల రైతు, మా చిన్నక్క భర్త. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా అలగని మనిషి. పెద్దబావ రిబ్బను విప్పాడు, పుస్తకం తీశాడు, ఎక్కడో తెరిచి మైకులో చదవడం మొదలుపెట్టాడు. ఆయన తెరిచిన చోటే శుభలేఖ గొడవ!

నేను కళ్ళు మూసుకున్నాను. నవ్వులు వినబడితే తెరిచాను. నవ్వుతున్నది పెద్దబావే. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏం మనిషిర వీడు! పేరు కింద పడ్డదని రెండేండ్లు అలుగుతడా? గిసొంటోడు మన ఇంట్లనే ఉన్నడు, సూడుండ్రి" అని చిన్నబావ వైపు చెయ్యి చూపించాడు.

సభంతా అటు తిరిగి నవ్వింది. చిన్నబావ లేచాడు. శాలువా మడిచి కుర్చీలో పెట్టి గేటు దాటి వెళ్ళిపోయాడు. నాకు తల తీసేసినట్టయింది. అలిగే బావను తప్పించుకోబోయి, అలగని బావను దూరం చేసుకున్నాను.

భోజనాలైనా కాకుండానే ఆటో ఎక్కి బస్టాండుకు పోయాను. ఆయన కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు మీద తువ్వాలుంది.

"ఈ సీటెవరికి బావా?"

"నీకే. అలిగినోన్ని బతిలాడనీకి ఎవరో ఒకలు రావాలె గద."

కూర్చున్నాను. "బావా, పాపయ్య నువ్వు కాదు."

"నాకు తెల్వదా? గా పాపయ్య మీ పెద్దబావనే. సదివినోనికి ఎవనికైనా సమజైతది."

అప్పుడు అర్థమైంది. "ప్రెస్సుల కాపీ తీసుకపోయింది నువ్వా?"

"నేనే. రెండుసార్లు సదివిన. నాటేసెటోళ్ళకు సద్ది పట్కపోవుడు గూడ మర్సిన. పెద్దాయన ఉన్నడు, నీ దోస్తులున్నరు, మీ ఇంటి బర్రె గూడ ఉన్నది. నేను యాడున్ననని మొదటిసారి సదివిన. ఏమన్న దాటేసిన్నా అని రెండోసారి సదివిన. ఒక్క ముక్క లేదు. ముప్ఫై ఏండ్ల సంది నీకు బావనే కదరా?"

అలగడు కాబట్టే ఆయన గురించి రాయడానికి ఏమీ లేదనుకున్నాను. మిల్లులో మిగతా కాపీలన్నీ పంచారు. ఎందరు చదువుతారో తెలియదు. రెండుసార్లు చదివినవాడు మాత్రం పక్క సీట్లో ఆకలితో కూర్చున్నాడు. హుజూర్‌నగర్‌లో ఇద్దరికీ మిర్చిబజ్జీ కొన్నాను.

నాలుగున్నరకు కోదాడలో దిగాం. చిలుకూరు ఆటోలు బయట ఉన్నా ఆయన అటు పోలేదు. పరుగెత్తి, సూర్యాపేట బస్సు కిటికీలోంచి నాకోసం తువ్వాలు వేశాడు. ఈసారి ఎవరూ తీయలేదు. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చాడు.

"మల్ల రాస్తే పేరు మార్చకు. ఉన్నదున్నట్టు రాయి" అన్నాడు.

మా చిన్నబావ పేరు లింగయ్య. ఊరు చిలుకూరు.