వెలుతురుకెత్తిన గ్లాసు

మా ల్యాబులో గాజుసామాను కడిగే భాయ్, కడిగిన ప్రతి పాత్రనూ కిటికీ వెలుతురుకెత్తి, ఓసారి తిప్పి చూసి, "సాఫ్ ఉంది" అని తనకు తానే చెప్పుకుని గానీ కింద పెట్టేవాడు కాదు. ఆ మాట వినీ వినీ నాకు నవ్వొచ్చేది.

సముద్రం అట్టడుగు నుంచి తెచ్చిన బురదలోని బ్యాక్టీరియాను నేను పెంచుతున్న రోజులవి. మూడో వారం నా గాజు పళ్ళేలన్నింటిలోనూ ఒకే రకం నారింజ చుక్కలు లేచాయి. బయటి క్రిమి ఏదో చేరిందనుకున్నాను. అందరి ముందూ ఆయన మీద అరిచాను.

"కడుగుడు గూడ చాతగాదా నీకు?"

ఆయనకు మా నాన్న వయసు.

"గల్తీ అయ్యుంటది మేడం. మల్ల కడుగుత," అన్నాడు. సాయంత్రం దాకా కూర్చుని అన్నీ మళ్ళీ కడిగాడు. ఆ తర్వాత కూడా పాత్రలు వెలుతురుకెత్తేవాడే గానీ, "సాఫ్ ఉంది" అనడం మానేశాడు.

తీరా చూస్తే ఆ చుక్కల జన్యుక్రమం తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు. బురదలోంచే వచ్చిన కొత్త జాతి అది. దానికి పేరు పెట్టాను, పేపరు రాశాను, ల్యాబంతా మిఠాయి పంచాను. ఆయన చేతిలోనూ పెట్టాను. తప్పు ఆయనది కాదని మాత్రం చెప్పలేదు.

ఆయన రిటైరయ్యాక, అది చెబుదామనే మొన్న అఫ్జల్‌గంజ్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. చాయ్ పోయబోతూ ఖాళీ గ్లాసును వెలుతురుకెత్తి తిప్పాడు. తిప్పి, నా చేతికిచ్చాడు.

"మీరే చూడుండ్రి మేడం. ఆ దినం సంది నా కండ్ల మీద నాకు భరోసా లేదు."

గ్లాసు తళతళలాడుతోంది. చాయ్ తాగి, ఏమీ చెప్పకుండానే మెట్లు దిగాను.