యంత్రానికి గొంతిచ్చిన మార్లీన్

ఆలిస్ స్ప్రింగ్స్ కిడ్నీ క్లినిక్‌లో కంప్యూటర్ల బాగోగులు చూసేది మార్లీన్. మా వాల్పిరి ఆదివాసుల పిల్ల. మనిషి చెయ్యి పడకుండా పనులు జరిగేలా చూడటమే ఆమె ఉద్యోగం. సర్వర్ పడిపోతే దానంతటదే లేచేది. డయాలసిస్‌కి రావలసిన వాళ్ళకు ముందురోజు ఫోన్లూ వాటంతటవే వెళ్ళేవి. ఇంగ్లీషు గొంతు వినగానే ముసలివాళ్ళు ఫోన్ పెట్టేస్తున్నారని, ఒక్కొక్కరి పేరూ తమ భాషలో, తన గొంతుతోనే రికార్డు చేసింది. డయాలసిస్ కుర్చీలు ఖాళీగా ఉండటం తగ్గింది. ఆమెకు దానిమీద కాస్త గర్వం ఉండేది. ఉంటే తప్పేముంది?

అంతలో, అక్కడికే డయాలసిస్‌కి వచ్చే ఆమె మామ పోయాడు. ఆయన పేరు ఇక్కడా రాయను. పోయినవాళ్ళ పేరు మా వైపు కొన్నేళ్ళపాటు ఎవరూ పలకరు. అదే పేరుతో బతికున్న వాళ్ళను కూడా, ఆ పేరుకు బదులు కుమంజాయి అనే పిలుస్తారు. మార్లీన్ అందరితో పాటు ఆరుబయట ఇసుకలో ఏడుస్తూ కూర్చుంది, ఫోన్ల సంగతి తట్టనే లేదు. మరణపత్రం ఇంకా క్లినిక్‌కి చేరలేదు కాబట్టి యంత్రం లెక్కలో మామ బతికే ఉన్నాడు. అత్త ఒళ్ళో ఉన్న ఆయన ఫోన్ మోగింది. ఎత్తితే, మేనకోడలి గొంతు ఆయన్ని పేరు పెట్టి పిలిచి, రేపు రమ్మంది.

అత్త ఆ ఫోన్‌ని కింద పడేసి పైన ఇసుక తోసింది. భర్త పోయిన ఆడవాళ్ళు ఏడాదిపాటు నోటితో మాట్లాడరు గనక చేతులతోనే ఏదో చెప్పింది. ఆవిడ చెల్లెలు జినీ అది విడమరిచింది.

"ఆ గొంతు మళ్ళీ వినదంట. ఇక తన ఫోనూ ఎత్తదంట."

"పిలిచింది నేను కాదు చిన్నత్తా, మిషను."

"మిషనుకి నోరెవరిచ్చారే? నువ్వు కాదూ?"

అత్తకీ కిడ్నీలు పోయాయి. ఆ వారం రెండుసార్లు క్లినిక్‌కి రాలేదు, కాళ్ళు వాచిపోయాయి. ఇంకోసారి మానితే ఆవిడ కూడా దక్కదని నర్సు మొహమాటం లేకుండా చెప్పేసింది.

మార్లీన్ పద్ధతి మార్చింది. ఇకమీదట కాగితం రానక్కర్లేదు, చుట్టాలు కబురు చెబితే చాలు, ఆ పేరున్న ఎవరికి ఫోన్ చేసినా యంత్రం దాన్ని పలకదు.

"ఆ పేరు మళ్ళీ ఎప్పటినుంచి పలకొచ్చో గడువు పెట్టెయ్, మనం మర్చిపోవచ్చు," అన్నాడు పైఅధికారి నీల్.

"అది ఇంటివాళ్ళు చెప్పాలి. మనం కాదు."

"మరి మీ అత్త? ఆవిడకి వేరే గొంతు పెడదామా?"

"వద్దు. ఆవిడ్ని ఫోన్ల జాబితాలోంచే తీసేస్తున్నా."

మర్నాడు పొద్దున్నే కారేసుకుని వెళ్ళి, అత్త ఎదురుగా ఇసుకలో కూర్చుంది. క్షమించమని అడుగుదామంటే తన గొంతంటే తనకే భయమేసింది. అందుకని చేతులతోనే చెప్పింది: నేనే వచ్చాను. పద.

అత్త, లేపమని చెయ్యి చాచింది.

ఆ ఏడాదంతా అత్తని మార్లీనే తీసుకెళ్ళింది, తీసుకొచ్చింది. కారులో తనూ ఒక్కనాడూ నోరు తెరవలేదు.