సవరణను మింగిన సవరణ

సవరణ వేసిన రోజే భువనగిరి దర్జీ రెండోసారి చనిపోయాడు. పేపర్ పట్టుకుని నల్గొండలోని మా పత్రిక ఆఫీసుకు తానే వచ్చాడు.

“నిన్న బతికిస్తమన్నరు, మళ్ల సంపిన్రు. కుట్టనీకి ఇచ్చిన బట్టలు జనం వాపస్ తీస్కపోతున్నరు సార్. రంజాన్ ముంగట గిట్లయితే నేనెట్ల బతకాలె?”

నిజానికి పోయింది అదే పేరున్న వేరే ఊరాయన; మొదట మేమే ఈయన పోయినట్టు వార్త వేశాం. తొంభైల చివర మా పత్రికకు రెండు కంప్యూటర్లు వచ్చాయి. ఒకే వార్తను ఇద్దరు ఆపరేటర్లు తెరిచి దిద్దినా, ఇద్దరి మార్పులనూ యంత్రమే కలుపుతుందని చెప్పారు. సవరణ వేయాల్సిన రాత్రి ఆ పాత వార్తనే తెరిచి ఒకరు ‘మరణించారు’ను ‘మరణించలేదు’ చేశారు. అదే సమయంలో రెండో ఆపరేటర్ ఊరి పేరు దిద్దారు. ఆయన ముందున్న ప్రతిలో దర్జీ ఇంకా చనిపోయే ఉన్నాడు. ఆఖరున సేవ్ చేసింది ఆయనే.

తప్పు పట్టుకుందామని దర్జీ ముందే ఇద్దరినీ మళ్లీ దిద్దమన్నాను. ఎన్నిసార్లు చేసినా దర్జీ బతికే ఉన్నాడు. వాళ్లను దిద్దుతూ ఉండమని మేం చాయ్ తాగి వచ్చేసరికి, తెర మీద మళ్లీ చనిపోయి ఉన్నాడు.

“అయితే మీరు గిట్లనే చూసుకుంట కూసోండి సార్. నేను పోయి బట్టలు కుట్టుకుంట” అన్నాడు దర్జీ.

చివరికి ఒక ఆపరేటర్‌ను ఇంటికి పంపి సవరణ వేశాం. అది సరిగ్గానే వచ్చింది. కొందరు బట్టలు తెచ్చిచ్చారు. మిగతావాళ్లు మాత్రం ఏ రోజు పేపర్ నమ్మాలో తేలక, పండగ దాకా ఆగి చూశారు.