కురుమూర్తి తెచ్చిన డెబ్బై రెండు సీసాలు

గద్వాలల కురుమూర్తి ఎవరంటే మగ్గమోళ్ల పిలగాడని చెప్తరు. ఆయన పేరు ఇంగ్లీషు పత్రికల అచ్చయిందని ఎందరికెరుక? డిగ్రీ చదివినంక మగ్గం మీద కూసోబుద్ధిగాలే. రెండువేల రెండుల హైదరాబాదు నుంచి పరిశోధనకొచ్చిన పద్మజ మేడం దగ్గర రక్తం నమూనాలు తెచ్చే కొలువుల చేరిండు. విత్తనాల కోసం పండించే సీడుపత్తి చేన్లల్ల పనిచేసే ఆడోళ్ల రక్తంల పురుగుల మందు ఎంతున్నదో చూసుడు మేడం పని.

అది పూతకాలం. పొద్దుగాల్నే మగపూలు తెంపి ఆడపూలకు రుద్దాలె, జర ఆలస్యమైతే కాయ నిలువదు. సూది పట్టుకొని కురుమూర్తి గట్టెక్కితే "పూట ఖరాబు చెయ్యకు తమ్మీ, పటేలు తిడ్తడు" అని ఆడోళ్లు తరిమిండ్రు.

వారం తిరిగి యాష్టకొచ్చింది. అప్పుడు కండ్లవడ్డరు, పగటీలి ఇండ్లకాడ ఊకె కూసున్న ఆడోళ్లు. ముట్టైనోళ్లు. వాళ్లు చేన్ల కాలుపెడితే పూత రాలుతదని ఆ ఊర్ల నమ్మకం, నాలుగైదు దినాలు రానియ్యరు. అడగంగనే వాళ్లు చెయ్యి చాపిండ్రు. గట్ల ఊరూరు తిరిగి డెబ్బై రెండు సీసాలు నింపిండు. మేడం ఇచ్చిన కాగితంల పనికెప్పుడు పోతరనే గడిల "రోజూ" అని రాసిండు. రోజూ పోయేటోళ్లే గద. ఇంటికాడ ఎందుకున్నరో మొగోడు మేడానికి ఎట్ల రాసిస్తడు? సిగ్గుపడ్డడు. ఆ సిగ్గే కొంప ముంచింది.

మరుసటేడు ఇంగ్లీషు సైన్సు పత్రికల మేడం పరిశోధన పేపరొచ్చింది. రక్తంల మందు జాడ ఉన్నట్టా లేనట్టా అన్నంతే ఉన్నదని అందుల తేల్చిండ్రు. చివర్ల ధన్యవాదాలల్ల కురుమూర్తి పేరున్నది. ఆ పేజీని లామినేషన్ చేయించి మగ్గం పైన గోడకు కొట్టిండు. "నలభైమంది మన పేపరును తమ పేపర్లల్ల ఆధారంగ ఎత్తి రాసిండ్రు" అని మేడం ఫోన్ చేసిననాడు వాడకట్టంత జిలేబీ పంచిండు.

రెండువేల ఆరుల రామేశ్వరమ్మ సీడుపత్తి చేన్ల నురగలు కక్కి పడ్డది. డెబ్బై రెండుమందిల ఆమె ఒకతె. దవాఖాన నుంచి బతికొచ్చినంక ఆమె మొగడు బుచ్చన్న, పురుగుల మందుతోనే గిట్లైందని ఊర్ల పంచాయితి పెట్టిండు. విత్తనాల ఏజెంటు శ్రీనాథ్ ఒక కాగితం తీసి సదివిండు. "ఈ ఊరోళ్ల రక్తంల ఏం లేదని సైన్సోళ్లే రాసిండ్రు. ఇది ఎండదెబ్బ." అది మేడం పేపరేనని గుంపుల నిలబడ్డ కురుమూర్తి దూరం నుంచే గుర్తుపట్టిండు.

పంచాయితి లేసినంక రామేశ్వరమ్మ ఆయన దగ్గరికొచ్చింది. "తమ్మీ, నా రక్తం నువ్వే తీస్తివి గద. అప్పుడు నేను చేన్లకు పోక నాలుగు దినాలాయె. మందు కొట్టిననాడు ఎందుకు తియ్యకపోతివి?"

ఏం చెప్తడు? చెప్తే కొలువు పోతది, మేడం పేరు పోతది, గోడ మీది పేజీ పోతది. ఏడాది కడుపుల పెట్టుకొని తిరిగిండు. ఆ ఏడాదిల ఎత్తి రాసినోళ్లు వంద దాటిండ్రు. లెక్క పెరిగిందని మేడం ఫోన్ చేసినప్పుడల్లా ఆయనకు అన్నం సయించకపోయేది.

ఆఖరికి హైదరాబాదు పోయి ఉన్నదున్నట్టు చెప్పిండు. మేడం ఆ గడులున్న పాత కాగితాలు బైటికి తీసింది. "ఆ మందు రక్తంలో రెండు రోజులు కూడా ఉండదు కురుమూర్తీ. ఈ ఒక్కమాట అప్పుడే చెప్పాల్సింది" అన్నది. మళ్ల తనే, "నేనూ అడగాల్సింది. ఆడదాన్నయ్యుండి నాకు తట్టలేదు" అన్నది. ఆ నెలలనే తప్పు ఒప్పుకుంట పత్రికకు రాసింది. వాళ్లు ఓ మూలకు అరపేజీ వేసిండ్రు. ఆమె ప్రమోషన్ ఆగింది. కురుమూర్తి ఇంటికొచ్చి, గోడకున్న పేజీ ఊడదీసి, మగ్గం మీద కూసున్నడు.

రెండేండ్లకు, మళ్ల పూతకాలంల, ఉండబట్టలేక ఫోన్ చేసిండు.

"మేడం, మన పేపరు ఇప్పుడెందరు ఎత్తి రాసిండ్రు?"

"నూట తొంభై."

"తప్పైందని మీరు రాసినదాన్ని?"

"ఒక్కరు. అదీ నేనే."

ఫోన్ పెట్టేసి కురుమూర్తి మగ్గం ఆపి కూసున్నడు. గడియారంల పొద్దుగాల తొమ్మిదైంది. రామేశ్వరమ్మ ఈ పాటికి సీడుపత్తి చేన్ల ఉంటది.