ఒక్క ఊపిరిలో మూడు తిట్లు

ఆ రోజు నేను చేసిన తప్పు, తిడుతున్న నాలుగేళ్ల కొడుకు నోరు చేత్తో మూయడం. వాడికి పుట్టిన ఏడాది నుంచీ ఉబ్బసం. ఊపిరికి తన్నుకులాడే పిల్లవాడి నోరు మూయకూడదని, బడిలో పాఠాలు చెప్పే నాకు తట్టలేదు.

నిజాం మీద పోలీసు చర్య ముగిసి కొద్ది రోజులే అయింది. బోయిగూడలో మా వాడంతా గొంతు తగ్గించి బతుకుతోంది. మేము క్రైస్తవులం, పక్క వాటాలో ఉండే దర్జీ తాత ముస్లిం. ఎవరేమన్నా దానికి మరో అర్థం తీసే కాలం. అలాంటప్పుడు తన చేతిలోని దారపు కండె తాత లాక్కున్నాడని మావాడు వాకిట్లో నిలబడి తిట్లు అందుకున్నాడు.

"నీ మిషను కుక్క ఎత్కపోను, నీ సూది తుప్పు వట్ట, నీ కత్తెర బాయిల వడ..."

పరుగున వెళ్లి నోరు మూశాను. వీపు మీద ఒకటి వేశాను కూడా. తాతకు క్షమాపణ చెప్పి, మర్యాద నిలబెట్టానన్న తృప్తితో లోపలికి వచ్చాను.

నా భార్య పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది. కొడుకు నోటి దురుసుకు బాధపడుతోందనుకుని, పిల్లల పెంపకం గురించి నాలుగు మంచి మాటలు మొదలుపెట్టాను.

"మూడు తిట్లు," అంది. "నడుమ ఊపిరికి ఎక్కడన్న ఆగిండా? నాలుగోది సుత వస్తుండె. మీరు మూస్తిరి."

వాడలోని తల్లులు తమ పిల్లల పళ్ల గురించి, పాటల గురించి చెప్పుకునేటప్పుడు, ఈవిడ తన కొడుకు నిన్న దగ్గు రాకుండా నవ్వాడని చెప్పేది. వాడు బెల్లం దొంగిలించి పారిపోయాడని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, బెల్లం సంగతి వదిలేసి ఎంత దూరం ఉరికాడని అడిగేది. నేను వాడి సన్నని కాళ్లు చూసి దిగులుపడేవాణ్ణి. ఆమె అల్లరి చూసి ధైర్యం తెచ్చుకునేది.

సాయంత్రానికి వాడు మాట మానేశాడు. పిలిస్తే పలకడు, ఏడవనైనా ఏడవడు. ఇన్నాళ్లకు వచ్చిన గొంతు మళ్లీ పోయిందేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున వాణ్ణి ఎత్తుకుని తాత దగ్గరికి వెళ్లి, మళ్లీ క్షమాపణ మొదలుపెట్టాను.

"నన్ను మాఫీ అడుగుడేంది సార్? బట్టలు జెర లేటయితే గిరాకీలు ఇంతకన్న పెద్దయి తిడ్తరు. పోరన్ని అడుగు."

అడిగాను. వాణ్ణి కిందికి దించి, తప్పు నాదేనన్నాను. కావాలంటే నన్ను తిట్టమన్నాను. వాడు చాలాసేపు నా చేతుల వంక చూశాడు.

"కొడ్తవు," అన్నాడు.

తాత లేచి, ఒక గుడ్డ పీలికతో నా చేతులు వెనక్కి కట్టాడు. మావాడు నా వెనక్కి వచ్చి ముడి లాగి చూశాడు. నమ్మకం కుదరక ఇంకో పీలిక వేయించాడు. ఆ తర్వాతే షురూ చేశాడు. నా సైకిలు గాలి పోవాలన్నాడు, నా బెత్తం ఎలుకలు కొరకాలన్నాడు, నా కళ్లద్దాలు మేక తినాలన్నాడు. నా భార్య మా గుమ్మంలో నిలబడి, వాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడా అని చెవులు రిక్కించి వింటోంది.

బడికి పోతున్న నా విద్యార్థులిద్దరు ఆగి, పుస్తకాలు కింద పెట్టి మరీ చూడసాగారు. నేను వాళ్లవైపు తిరగకుండా, మళ్లీ మొదటినుంచి తిట్టమని వాణ్ణి అడిగాను.