రెండో కంట్రోలర్ ఛార్జింగ్‌లోనే ఉంది

నిన్న పొద్దున తొమ్మిదిన్నరకి రాంబాబు నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆదివారం కదా, గేమ్ ఆడదాం రమ్మంటాడని ఎత్తలేదు.

మళ్ళీ మోగింది. మళ్ళీ ఎత్తలేదు.

మూడోసారి ఎత్తితే అవతల వాడి భార్య పద్మ. "అన్నయ్యా, ఆయన లేరు" అంది. ఛాతీలో నొప్పి అన్నాడట. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

నలభై ఆరేళ్లు. ఇది టైప్ చేస్తున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి రాంబాబు అంటే బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ పని చేసే మనిషి. గాజులకీ గొలుసులకీ బంగారు పూత వేసేవాడు. నాకు మాత్రం స్కూల్ రోజుల నుంచీ వీడియో గేమ్ పార్ట్‌నర్. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకుంటూ ముప్ఫై ఏళ్లు గడిపేశాం.

కొత్త గేమ్ ఏది వచ్చినా తెచ్చేవాడు. తెచ్చి తిట్టేవాడు.

"పూత బాగుంది బావా, లోపలంతా రాగే." సగం గేమ్‌లకి వాడి రివ్యూ ఇంతే. గడ్డి ఊగుతుంది, నీళ్లలో మబ్బులు కనిపిస్తాయి, ఆడటానికి మాత్రం ఏమీ ఉండదు అనేవాడు. పూత సంగతి వాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది.

మ్యాప్ నిండా చుక్కలు పెట్టి అన్నీ తిరిగి రమ్మనే గేమ్‌లంటే ఒళ్లు మంట. పని నుంచి ఇంటికొస్తే ఇక్కడా డ్యూటీయేనా అని విసుక్కునేవాడు. ఇప్పుడు ప్రతి గేమ్‌లోనూ చేపలు పట్టడం ఒకటి పెడుతున్నారు కదా, అది చూసి మాత్రం పడీ పడీ నవ్వేవాడు. "ఇది తయారుచేసినోణ్ణి ఒక్క పూట గిలకలదిండిలో చేపల పడవెక్కించాలి బావా" అనేవాడు.

డిస్క్ పెట్టాక కూడా పూటంతా అప్‌డేట్ ఎక్కుతుంటే పాత క్యాసెట్లని తలుచుకునేవాడు. అలాగని పాతవన్నీ గొప్పవి అనలేదు. మూడు లైఫ్‌లిచ్చి, అవి పోగానే మళ్ళీ మొదటికి పంపడం అన్యాయం అనేవాడు.

క్యాసెట్ అంటే గుర్తొచ్చింది.

ఇంటర్ సెలవుల్లో వాళ్ల మావయ్య మస్కట్ నుంచి ఒక గేమ్ తెచ్చాడు. ఎంతవరకు ఆడామో సేవ్ చేసుకునే క్యాసెట్. ఇద్దరం మార్చి మార్చి నెలన్నర ఆడి ఆఖరి తలుపు దాకా వచ్చాం.

బందరు ఉప్పుగాలి సంగతి తెలుసుగా. క్యాసెట్ అడుగున ఉండే రాగి పళ్ళకి చిలుము పట్టి ఆడటం మానేసింది. ఇంకెవరైనా అయితే రబ్బరుతో రుద్దేవారు. వీడు దాన్ని విప్పి, బోర్డు మొత్తం వాళ్ల నాన్న పూత వేసే తొట్టిలో ముంచాడు. బంగారానికి చిలుము పట్టదు కదా బావా అన్నాడు.

పళ్ళు పచ్చగా మెరిశాయి. టీవీలో గీతలు తప్ప ఏమీ రాలేదు. నెలన్నర ఆట పోయింది.

వాడితో పది రోజులు మాట్లాడలేదు నేను.

వాడు సారీ చెప్పలేదు. బెజవాడలో ఎవరి దగ్గరో అదే క్యాసెట్ పట్టుకొచ్చి, మొదటి నుంచి ఒక్కడే ఆడి, సరిగ్గా ఆ ఆఖరి తలుపు దగ్గర ఆపి నా కోసం సైకిలేసుకుని వచ్చాడు. "నువ్వు లేకుండా తలుపు తీస్తే బాగోదు బావా" అన్నాడు.

రాంబాబు అంటే అది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. చెప్పకపోతే అన్నం దిగేలా లేదు.

రెండేళ్ల క్రితం ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడాల్సిన గేమ్ ఒకటి తెచ్చాడు. "ఎన్నాళ్లకి బావా, లోపల కూడా బంగారమే" అని వాడు మెచ్చుకున్న గేమ్ అదొక్కటే. ఐదారు ఆదివారాలు వెళ్ళాను. మళ్ళీ ఒక ఆఖరి తలుపు. ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కితేనే తెరుచుకుంటుంది. వచ్చే ఆదివారం తీద్దాం అని లేచి వచ్చేశాను.

ఆ ఆదివారం మళ్ళీ రాలేదు.

ప్రతివారం మెసేజ్ పెట్టేవాడు. "బావా, ఖాళీయేనా?" నందివాడలో మా చేపల చెరువు దగ్గర ఉన్నాను అనేవాణ్ణి. కొన్నిసార్లు నిజం. చాలాసార్లు ఇంట్లో పడుకుని ఫోన్ చూస్తుండేవాణ్ణి.

అలా పడుకున్న ఒక రోజు, ఎవరో ఆ గేమ్ ఆడి పెట్టిన వీడియోలో ఆ తలుపు వెనక ఏముందో చివరిదాకా చూసేశాను. వాడికి చెప్పలేదు. వాడు అక్కడే ఆగి ఉన్నాడని తెలిసి కూడా చూశాను.

నేనుండే గుడివాడ నుంచి బందరు గంట ప్రయాణం. నాకు రెండేళ్లు పట్టింది. అదీ వాణ్ణి మోయడానికి.

నిన్న సాయంత్రం అన్నీ అయిపోయాక వాళ్ల ముందు గదిలో కూర్చున్నాను. టీవీ కింద రెండు కంట్రోలర్లు ఛార్జింగ్‌లో ఉన్నాయి.

"ప్రతి ఆదివారం లేవగానే రెండూ పెడతారు అన్నయ్యా. మీరొచ్చే టైముకి ఛార్జింగ్ లేకపోతే ఎలా అని" అంది పద్మ. "ఇవాళ కూడా పెట్టారు."

మళ్ళీ తనే అడిగింది. "ఆ తలుపు వెనక ఏముంటుంది అన్నయ్యా? మీతోనే చూస్తానని ఆయన చూడలేదు."

నాకు తెలుసు.

తెలీదమ్మా అన్నాను.

వాడికి చెప్పాల్సిన అబద్ధాలన్నీ అయిపోయాక ఆమెకి కూడా ఒకటి చెప్పాను. ఇవాళ పొద్దున్నుంచీ వాడి చివరి మెసేజే చూస్తున్నాను. "బావా, ఖాళీయేనా?" ఇప్పుడు ఖాళీయే. ఏం చేసుకోను.

బావా, ఇక నా కోసం తలుపు దగ్గర నిలబడకు. ముందుకెళ్ళిపో. అక్కడైనా నిన్ను ఎదురుచూసేలా చేసేవాళ్ళు లేకుండా, మనసు నిమ్మళంగా ఉండు.