కట్ట మీదికి తెల్ల కుక్కపిల్ల వచ్చిన రోజు

మా చిన్నప్పుడు రొయ్యల గుంట కట్ట మీద తెల్లగా ఏది వాలినా తరిమేయాల్సిందే... అదే మా ఇంటి పని. తోటపల్లి గూడూరు అవతల ఒక ఓనరు గుంటలకు మా నాయన కాపలా. కట్ట చివర రేకుల షెడ్డే మా ఇల్లు.

కొంగ ఒక గుంటలో రొయ్యను ముక్కున కరుచుకొని పక్క గుంటలో జారవిడిచిందంటే, దీని తెగులు దానికీ అంటుకుంటుంది. అందుకే నాయన రెండు నాటుకుక్కలను పెట్టుకున్నాడు. పెద్దది రాణి. రెండోది దాని కొడుకు నల్లోడు.

వాటికి కొంగలను తరమడం నేర్పింది నేనే. తెల్లటి ఖాళీ మేత సంచి తల మీదుగా ఊపుతూ కట్ట మీద పరిగెత్తేదాన్ని. వెనక నుంచి నాయన "ఉస్కో!" అనేవాడు. అవి నా వెంటపడి, సంచి లాక్కొని, పీలికలు చేసేవి. చించినదానికి ఒక చేప తలకాయ... నాకప్పుడు తొమ్మిదేళ్లు. అదే నా ఆట.

వేసవి సెలవుల్లో ఒక పొద్దున ఓనరు కారు దిగాడు. చంకలో తెల్లటి పామేరియన్ పిల్ల. నా రెండు చేతుల్లో ఇమిడిపోయేంత! కూతురు ముచ్చటపడి తెప్పించుకుందట. ఇప్పుడు దాని బొచ్చుకు, సెలవులకొచ్చిన చుట్టాలందరికీ తుమ్ములట.

"మీకాడ కుక్కలుండాయి కదయ్యా. వాటితోపాటే ఇదీ ఇంత తింటది. సెలవులైనాక తీసకపోతా. దీనికేమన్నా అయిందో... సామాను సర్దుకోవాల్సిందే, చెప్తుండా."

నాయన తల గోక్కున్నాడు. "అయ్యా, ఇవి కట్ట మీద కుక్కలు. కొత్తది వస్తే ఓర్చుకోవు. ఊళ్లో మా అక్కోళ్ల ఇంటికాడ పెట్టి, వీటిని ఒక్కొక్కదాన్నే ఆడికి తీసకపోయి చూపిస్తా. రెండు దినాలు ఆగండి."

"ఏందయ్యా, కుక్కలకు పెళ్లిచూపులా?" అని నవ్వి, పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టేశాడు. ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

దాని గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది...

పడుకున్న రాణి లేచింది. తోక ఊపలేదు. నల్లోడి వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. రెండూ మొరగలేదు. మొరిగే కుక్కంటే నాకు ఏనాడూ భయం లేదు. మొరగకుండా అట్లా చూసే కుక్కను అదే మొదటిసారి చూడటం. పైగా అవి నా చేతి ముద్ద తిని పెరిగిన కుక్కలు...

"కదలబాక మే," అన్నాడు నాయన మెల్లగా. "పైకెత్తబాక. అట్నే నిలబడు. నే వస్తుండా."

నిలబడి ఉంటే ఏమీ జరిగేది కాదు. కానీ నల్లోడు ఒక్క అడుగు ముందుకు వేసేసరికి నా ఒళ్లు నా మాట వినలేదు. పిల్లను తల మీదికెత్తి కట్ట మీద పరుగందుకున్నాను.

తెల్లటిది... తల మీద ఊగుతూ... కట్ట మీద పరుగు. నేను నేర్పిన ఆటే అది! ఆ సంగతి నాకు వెనక గోళ్ల చప్పుడు వినపడ్డాక గానీ తట్టలేదు.

"పరిగెత్తబాక మే! పరిగెత్తబాకా!"

అటూ ఇటూ నీళ్లు. పక్కకు పోవడానికి చోటు లేదు. ఎండి నెర్రెలు విచ్చిన మట్టిలో కాలు తగులుకొని బోర్లా పడ్డాను. పిల్ల దొర్లిపోయింది. తలెత్తి చూసేసరికి అది నల్లోడి నోట్లో ఉంది.

అంతలో రాణి వచ్చి నల్లోడిని భుజంతో గుద్దింది. మెడ పట్టుకొని నేలకేసి నొక్కింది. వాడు పిల్లను వదిలేశాడు. రాణి పిల్లకు అటూ ఇటూ కాళ్లు వేసి, దాని మీద గొడుగులా నిలబడి గుర్రుమంది. వాడి మీద, నా మీద, చివరికి నాయన మీద కూడా. కింద పిల్ల వెల్లకిలా పడి, ఉచ్చ పోసుకొని వణుకుతోంది. చెవి మీద ఒక పంటి గాటు. అంతే.

అప్పటికి ఓనరు పరిగెత్తుకొచ్చాడు. ఆయనకు కనపడింది పిల్ల చెవి నెత్తురు, దాని మీద పళ్లు బయటపెట్టిన రాణి.

"ఈ ముసల్దేనా కరిచింది? నువ్వు చెప్పు పాపా."

నల్లోడని చెప్పొచ్చు. నేనే పరిగెత్తానని చెప్పొచ్చు. కానీ నా చెవుల్లో 'సామాను సర్దుకోవాల్సిందే' అన్న మాటే మోగుతోంది... తలూపాను. అవునని తలూపాను.

నాయన నా వైపు చూశాడు. జరిగిందంతా ఆయన కళ్ల ముందే జరిగింది. ఆయనా నోరు విప్పలేదు.

మధ్యాహ్నం మేత దింపి కృష్ణపట్నం వైపు పోయే లారీలో రాణిని ఎక్కించారు. ఎక్కడన్నా వదిలేయమన్నాడు ఓనరు. నాయన తాడు పట్టుకొని పిలిస్తే ఎక్కడికని కూడా చూడకుండా తనే ఎగిరి ఎక్కింది. మళ్లీ రాలేదు.

ఆ పిల్లను తీసుకుపోవడానికి ఓనరూ రాలేదు. సెలవులు అయిపోయాయి, ముచ్చటా తీరిపోయింది. నెల తిరక్కుండా అది నల్లోడి పొట్టలో దూరి నిద్రపోయేది. తర్వాత ఏడెనిమిదేళ్లు మా దగ్గరే బతికింది. తనంత తెల్లటి కొంగలను తనే తరిమేది.

ఇప్పుడు నేను తడ దగ్గర ఒక కంపెనీలో షిఫ్టు చేస్తున్నాను. బస్సులో ఫోన్ తెరిస్తే ఎవరో ఒకరు చెబుతుంటారు... పెద్ద కుక్కలకు కొత్త పిల్లను బయటి చోట చూపించండి, చేతుల్లో ఎత్తుకోకండి, పరిగెత్తకండి అని. కింద కామెంట్లలో వేల మంది దండాలు పెడతారు. ఇదే మాట మా నాయన ఆ రోజు కట్ట మీద నిలబడి చెప్పాడు. చొక్కా లేని మనిషి మాట ఎవడికి కావాలి? ఒళ్లు మండుతుంది నాకు. ఆయన మీద నవ్విన వాడి మీద, తలూపిన నా మీద కూడా.

ఇప్పుడు ఆ గుంటల మీద వలలు కప్పేశారు. కొంగలు దిగవు, కుక్కలతో పనిలేదు, కట్ట మీద పరిగెత్తే పిల్లలూ లేరు...

మీ ఇళ్లల్లోకీ ముచ్చటపడి చిన్న కుక్కపిల్లను తెచ్చుకున్న రోజు ఉండే ఉంటుంది. దాని ఫొటోలు చాలానే చూశాను. అప్పటికే మీ గుమ్మంలో ఉన్న పెద్ద కుక్క సంగతి ఏమైందో... అది రాయండి. చదువుతాను.